సఖినేటిపల్లి రేవులో ఆరొందల బాకీ

(కోనసీమలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వారం కిందట గ్రంథాలయం వాళ్లు ఫోన్ చేసి, పిల్లలు వస్తారు, నిజాయితీ గురించి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి కదా, దాని గురించి నాకు బాగా తెలిసుంటుందని అనుకున్నట్టున్నారు. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నేను వెతికింది మోసాన్ని. వెతికిన ప్రతిచోటా కాకపోయినా చాలాచోట్ల దొరికింది. నిజాయితీని వెతుక్కుంటూ నేనెప్పుడూ వెళ్లలేదు. అది ఒకరోజు సఖినేటిపల్లి రేవులో, వానలో, గంప ముందేసుకుని కూర్చుని ఉంది. ఈరోజు ఆ ఒక్క సంగతే చెప్తాను.

అంతకంటే ముందు నా పనేమిటో కొంచెం చెప్పాలి. పిల్లలు ఇనప తూకం రాళ్లు చూసే ఉంటారు, ఇప్పటికీ సంతలో ఉన్నాయి. ఈసారి ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. అడుగున చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో సీసం పోసి ఉంటుంది. మా శాఖ ముద్ర ఇనుము మీద వెయ్యరు, ఆ సీసం మీద వేస్తారు. సీసం మెత్తన, ముద్ర బాగా పడుతుంది. రెండేళ్లకోసారి రాయి తెచ్చి చూపించాలి, సరిగ్గా ఉంటే కొత్త ముద్ర పడుతుంది. మోసం చెయ్యదలుచుకున్నవాడు ఏం చేస్తాడంటే ఆ సీసాన్నే గీరతాడు. ఒక్కసారే గీరడు. ఇవాళ కొంచెం, నెల పోయాక ఇంకొంచెం. పైనుంచి చూస్తే రాయి రాయిలాగే ఉంటుంది. కొనేవాడికి తెలీదు. కొన్నాళ్లకి అమ్మేవాడికి కూడా అది అలవాటైపోతుంది, తన రాయి తక్కువ తూగుతోందన్న సంగతే గుర్తుండదు.

ఇంకా చాలా ఉన్నాయి. తక్కెడ పళ్లెం కింద చింతపండు ముద్ద అంటిస్తారు. కాటా ఒకవైపు వంగేట్టు కింద బల్లని ఎత్తు చేస్తారు. పెట్రోలు బంకుల్లో అయిదు లీటర్ల క్యానుతో కొలిచి చూసేవాళ్లం, అక్కడి సంగతులు చెప్తే సాయంత్రమైపోతుంది. ఒక్క మాట మాత్రం చెప్పి ముందుకెళ్తాను. ఊళ్లో జనం ఎప్పుడూ కూరగాయల బండివాణ్ణి, చేపలమ్మే ఆవిణ్ణి పట్టుకుని ‘సరిగ్గా తూచు’ అని గద్దిస్తారు. పెద్ద షాపులో అద్దాల వెనకున్న కాటా దగ్గర ఎవరూ నోరెత్తరు. నేను చూసినంతలో లెక్కలు తీస్తే ఆ గద్దింపు తప్పుచోట పడుతోందని చెప్పగలను.

సరే. అలాంటి ఉద్యోగం ముప్పయ్యేళ్లు చేస్తే మనిషికి ఏమవుతుందో చెప్తాను. ఇంట్లో పాలు పోస్తుంటే పాలకుండ వంక చూస్తాను. పెళ్లికెళ్తే పురోహితుడి దక్షిణ లెక్కెడతాను. మా ఆవిడ చాలాసార్లు అనేది, ‘మీకు మనుషులు కనపడరు, కాటాలే కనపడతాయి’ అని. నేను దాన్ని పొగడ్త అనుకునేవాణ్ణి. మా నాన్నగారు కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచేవారు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, ఒక్కోటి వెనకదానికి రెట్టింపు. కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కపెట్టేవారు. ఆఖర్న కూలీవాళ్లకి కొలిచాక పైన ఒక దోసెడు పోసేవారు. చిన్నప్పుడు అడిగాను, లెక్క అయిపోయింది కదా, ఆ దోసెడు ఎందుకని. ‘కొలతలో ఏమైనా తేడా వస్తే అది మనవైపు రాకూడదురా’ అన్నారు. ఆ మాట విన్నవాణ్ణే, పెద్దయ్యాక ఎవరివైపు తేడా వచ్చిందో పట్టుకునే ఉద్యోగంలో చేరాను. దోసెడు సంగతి మర్చిపోయాను.

రేవు దగ్గరికొద్దాం.

నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. శ్రావణ మాసం. మా అన్నయ్యది నర్సాపురం. అప్పటికి ఆయనకి ఒంట్లో బాగోలేదు, మంచం దిగడం తగ్గిపోయింది. ముందురోజు ఫోన్‌లో మాట్లాడుతూ ‘ఎర్రనీరు తగిలిందంటగా, పులస దొరుకుతోందా’ అన్నాడు. అంతే అన్నాడు. తెమ్మని అడగలేదు. అడిగే మనిషి కాదు. కానీ చిన్నప్పట్నించీ కలిసి తిన్నవాళ్లం, ఆ మాటలో ఏముందో నాకు తెలీదా?

పులస సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా పిల్లలున్నారు కాబట్టి చెప్తాను. ఈ చేప ఉండేది సముద్రంలో. వరదలొచ్చి గోదారి ఎర్రబడే రోజుల్లో గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. మన అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే మొగలోంచి, అటు గౌతమి పాయ మొగలోంచి వస్తుంది. ఎంత ఎదురీదినా ధవళేశ్వరం దాకానే. కాటన్ దొర 1852లో అక్కడ ఆనకట్ట పూర్తిచేశాడు, ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. దాన్ని దాటలేదు. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు, తీపినీళ్లలో ఎదురీదాక పులస అంటారు. చేప ఒకటే, పేరు మారుతుంది, రుచి మారుతుంది, ధర అయితే నాలుగైదింతలు మారుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు.

అందుకే ఇందులో మోసం ఎక్కువ. ఎక్కడెక్కడి సముద్రాల్లోనో పట్టిన విలసలు ఐసు పెట్టెల్లో వస్తాయి. గంపలో వేసి పైన గోనెపట్టా తడిపి కప్పితే, వండి తినేదాకా తేడా తెలిసేవాళ్లు ఎంతమంది? నేను కూడా తెలిసినవాణ్ణి కాను. దీనికి మా శాఖ దగ్గర ముద్ర లేదు, రాయి లేదు. చాలాసార్లు పులసని తూచి కూడా అమ్మరు. చేపకింత అని బేరం. నా ముప్పయ్యేళ్ల విద్య అక్కడ ఎందుకూ పనికిరాదు.

ఉదయం ఎనిమిది గంటలవేళ రేవుకి వెళ్లాను. సన్నగా వాన. అవతల నర్సాపురం ఒడ్డు మసగ్గా కనపడుతోంది. మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పంటు అవతల్నించి బయల్దేరింది. మోటారుసైకిళ్లు, అరటి గెలలు కట్టిన సైకిళ్లు, కాలేజీ పిల్లలు, అందరూ దానికోసం చూస్తున్నారు. రేవుకి దిగే దారి పక్కన, చెట్టు కింద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. నెత్తిమీద ఎరువుల సంచీని మడిచి టోపీలా పెట్టుకుంది. ముందు గంప. గంపలో నాలుగు చేపలు, రెండు ఒకవైపు, రెండు ఇంకోవైపు, మధ్యలో అరటాకు చీలిక అడ్డం పెట్టింది.

వంగి చూశాను. ‘పులసలేనా?’

‘ఈ రెండేనండి. అవి విలసలు. ఐసువి’ అంది.

ఇలాంటి జవాబు నేను ఎదురుచూడలేదు. ఎదురుచూసిన జవాబు ‘అన్నీ పులసలేనండి, గోదారి తల్లి తోడు’ అని. దానికి సిద్ధంగా ఉన్నాను. ఇది వినేసరికి అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. రెండు నిజం చెప్పి రెండు అబద్ధం అమ్మే ఎత్తేమో అనుకున్నాను. నేను అలాంటివి చాలా చూశాను. ఆ నాలుగూ నా కంటికి ఒకలాగే ఉన్నాయి.

‘నాలుగూ పులసలంటే మాత్రం ఎవరికి తెలుస్తుందమ్మా? అందరూ అలాగే అమ్ముతున్నారు’ అన్నాను. ఆవిణ్ణి కదిపి చూద్దామని అన్నాను, ఒప్పుకోవాలి.

ఆవిడ నా మొహం వంక కూడా చూడలేదు. గోనెపట్టా మీద నీళ్లు చిలకరిస్తూ, ‘ఎదరోళ్ల గంపలో ఏముందో నాకెందుకండి? నా గంపలో ఏముందో నేను చెప్పాలి’ అంది.

కోపంగా అనలేదు. గొప్పగా కూడా అనలేదు. ఇవాళ వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

బేరం మొదలైంది. పద్దెనిమిది వందలంది. పదహారు వందల దగ్గర ఆగింది. అంతకంటే దిగనని చెప్పి, ‘అంత పెట్టలేకపోతే విలస తీసుకెళ్లండి, అయిదొందలకి ఇచ్చేస్తాను. అది కూడా మంచి చేపే, కాకపోతే పులస అనుకుని తినకండి’ అంది. జేబు చూసుకున్నాను. అన్నయ్యకి మందులు కొనగా నాకు మిగిలింది వెయ్యీ, పైన చిల్లర. ఈలోగా పంటు వచ్చి ఒడ్డుకి ఆనింది. దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు తోసుకుంటున్నారు. అప్పట్లో ఇప్పటిలా ఫోన్‌తో డబ్బు కొట్టే వీలు లేదు. సరే, ఈసారికి విలసే రాసిపెట్టి ఉంది అనుకున్నాను.

‘ఎవరికండి, ఇంటికా?’ అంది.

ఎందుకు చెప్పానో తెలీదు, చెప్పాను. ‘మా అన్నయ్యకి. మంచంలో ఉన్నాడు. అడిగాడు’ అన్నాను.

ఆవిడ గంపలోంచి పెద్ద పులసని తీసింది. అరటాకులో చుట్టి, కొబ్బరి ఈనెతో కుట్టి, సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. నా చేతిలో ఉన్న రెండు అయిదొందల నోట్లు తీసుకుంది. ‘మిగతా ఆరొందలు వచ్చేటప్పుడు ఇవ్వండి. ఎక్కండి, పంటు పోద్ది’ అంది.

నేను అలాగే నిలబడ్డాను. ‘నేనెవరో నీకు తెలీదు కదమ్మా’ అన్నాను.

‘ఆయ్, తెలీదండి. చేప చెడిపోద్ది, ఎక్కండి’ అంది.

పేరు అడగలేదు. ఊరు అడగలేదు. ఫోన్ నంబరు అడగలేదు. పంటు కొమ్ము ఊదింది, ఎక్కాను.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి తప్ప. పంటు మీద నా పక్కన ఒక పెద్దాయన, వల భుజాన వేసుకున్నాయన, నిలబడి ఉన్నాడు. నది మధ్యకి వచ్చాక నేను సంచి తెరిచి, అరటాకు మడత విప్పి, చేపని ఆయనకి చూపించి ‘ఇది పులసేనంటారా?’ అని అడిగాను. ఆయన మొప్ప ఎత్తి చూశాడు, వేలు పెట్టి నొక్కాడు, వాసన చూశాడు. ‘అసలైన పులసండి. నిన్నరాత్రి పడిందై ఉంటది’ అన్నాడు. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం మిగతా సగం నది దాటేదాకా ఉంది. ఒడ్డు దగ్గరపడుతుంటే గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. ఆవిడ ఆరొందలు నా దగ్గర ఉన్నాయి. నన్ను ఎవరి చేతా వాసన చూపించకుండా ఇచ్చింది. అప్పుపడ్డవాణ్ణి నేను, పరీక్షపెట్టింది ఆవిడకి.

అన్నయ్య ఇంట్లో ఆరోజు ఎలా గడిచిందో ఎక్కువ చెప్పను. వదినగారు మట్టి దాక దింపింది. పులుసు పెట్టాక రాత్రంతా ఉంచి మర్నాడు తింటేనే రుచి అని మీ అందరికీ తెలుసు, ముందు వరుసలో అమ్మగారు తలూపుతున్నారు కూడా. నేను మర్నాటిదాకా ఉండలేను, ఆఫీసుంది. పంటుకే వెళ్దామనుకున్నాను, కానీ సాయంత్రం మా మేనల్లుడు కారు మీద రాజోలు వైపు వెళ్తున్నానంటే ఎక్కేశాను. అంటే చించినాడ వంతెన మీదుగా. దిండి దగ్గర వశిష్ఠ దాటుతుంటే, చీకట్లో నీళ్లు కనపడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది, రేవులో ఆరొందలు.

గుర్తురాలేదని చెప్తే ఈ కథ తేలిగ్గా ఉండేది. గుర్తొచ్చింది. ఈ వేళప్పుడు రేవులో ఎవరుంటారులే, రేపు ఇద్దాం అనుకున్నాను. మర్నాడు ఆఫీసులో తనిఖీ పడింది. ఎల్లుండి అనుకున్నాను.

తరవాత నన్ను నేను అడుక్కున్నాను. అదే ఆరొందలు ఏ బ్యాంకుకో, ఏ పెద్ద షాపుకో, తెలిసిన ఆఫీసరుకో ఇవ్వాల్సి ఉంటే అలా రేపు, ఎల్లుండి అనేవాణ్ణా? ఆ రాత్రే కబురు పంపేవాణ్ణి. ఆవిడకి నా పేరు తెలీదు కాబట్టి, అడగడానికి రాలేదు కాబట్టి వాయిదా వేశాను. సీసం గీరేవాడు కూడా అంతే, అడిగేవాళ్లు లేని చోట గీరతాడు.

మూడోరోజుకి గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు కోనసీమలో పుట్టిన ప్రతివాడికీ కంఠతా వస్తాయి, 1986 వరద చూసిన మా తరానికైతే మరీను. ఆసారి మొదటి హెచ్చరిక దాటి రెండోదానివైపు నడిచింది. పంట్లు ఆపేశారు. నేను రేవుకి వెళ్లేసరికి చెట్టు మొదట్లోకి నీళ్లొచ్చాయి. ఎవరూ లేరు. ఒక హోంగార్డు నిలబడి ఉన్నాడు. చేపలమ్మే ఆవిడ ఎక్కడుంటుందని అడిగితే ‘ఎవరండి, ఇక్కడ చాలామంది కూర్చుంటారు’ అన్నాడు. నేను కూడా పేరు అడగలేదు కదా.

మర్నాడు మళ్లీ వెళ్లాను. లేదు. ఇంకోరోజు వెళ్లాను. లేదు. లంకల్లో ఉంటే ఇల్లే మునిగిందేమో, పిల్లాజెల్లాతో ఏ గట్టు మీదకో చేరిందేమో అన్న ఆలోచన అప్పుడొచ్చింది. ఆ సమయంలో ఆరొందలంటే ఆవిడకి ఎంతో, నాకెంతో. ఆ రెండు రాత్రులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆ రోజుల్లోనే డొక్కా సీతమ్మగారు పదేపదే గుర్తొచ్చారు. మన జిల్లావాళ్లకి ఆవిడ గురించి చెప్పాలా అంటారేమో, కానీ ఆవిణ్ణి మనం పటంగా గోడకి తగిలించేసి, ఆవిడ చేసిన పని ఎంత కష్టమో మర్చిపోయాం. 1841లో పుట్టారు, 1909లో పోయారు. లంకల గన్నవరంలో కాపురం. అప్పుడు వంతెనలు ఎక్కడివి? గోదారి పాయలు దాటి వెళ్లే బాటసారులు పడవ కోసం కాసుకుని కాసుకుని, వేళ కాని వేళ వచ్చి తలుపు తట్టేవారు. ఏ వేళయినా వండి పెట్టేవారు. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరి దారిలో ఆగారట. అటుగా పోతున్న పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ‘గన్నవరం వెళ్లిపోతే సీతమ్మగారింట్లో అన్నం పెడతారు’ అని పెద్దవాళ్లు సముదాయిస్తున్నారట. ఆ మాట చెవినపడి, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వంట చేయించారని మన పెద్దలు చెప్పుకుంటారు. ఇప్పుడు గన్నవరంలో కాలవని నది మీదుగా దాటించే అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం.

నాకు ఆ కథలో దర్శనం మానుకోవడం కంటే ఇంకో సంగతి పెద్దదిగా కనపడుతుంది. ఆ పిల్లలెవరో ఆవిడకి తెలీదు. వాళ్లకి కూడా, పక్కనే ఉన్న మనిషి ఆవిడని తెలీదు. ఒక ఇంటి మీద, ముఖం చూడని మనిషి మీద అంత నమ్మకం పెట్టుకుని పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్తున్నారు. నది అడ్డం ఉన్న ఊళ్లలో తెలియని మనిషిని నమ్మకపోతే రోజు గడవదు. పడవవాణ్ణి నమ్మి ఎక్కాలి. అవతల ఒడ్డున ఎవరో ఒకరు ఉంటారని నమ్మాలి. ఇప్పుడు వంతెనలొచ్చాయి, మంచిదే, 1996 తుఫానులాంటిది మళ్లీ వస్తే వాటి విలువ తెలుస్తుంది. రేవులో నాకు చేప ఇచ్చిన ఆవిడ ఆ పాత లెక్కలో ఉన్న మనిషి. నేను వంతెన లెక్కలో ఉన్నాను.

వరద తీసింది. పంటు మళ్లీ మొదలైందని తెలిసిన రోజు పొద్దున్నే వెళ్లాను. రేవంతా ఒండ్రు. కాలు పెడితే చీలమండ దాకా దిగుతోంది. ఆవిడ కూర్చునే చోట ఎవరో రెండు కొబ్బరి మట్టలు పరిచారు, దాని మీద కూర్చుని ఉంది. అదే గంప. ఆరోజు అందులో పులసలు లేవు, చిన్న చేపలేవో ఉన్నాయి.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. నేను నోరు తెరిచేలోపే, ‘పంటు ఆపేశారు కదండీ, అవతలే ఉండిపోయారనుకున్నాను. మీ అన్నయ్యగారి దగ్గరే ఉన్నారు కదా?’ అంది.

చూడండి, నేను దారిపొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ వెళ్లాను. ఆవిడ నాకు సాకు కూడా తనే ఇచ్చింది, చేపని ఆకులో చుట్టి ఇచ్చినట్టు. నేను దొంగని అయి ఉండొచ్చన్న ఆలోచన ఆవిడకి ఆ వారంలో ఎప్పుడైనా వచ్చిందో లేదో నాకు తెలీదు. వచ్చినా నా మొహం మీద పడనివ్వలేదు.

‘అవునమ్మా’ అన్నాను.

అనేశాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం.

జేబులోంచి ఏడు వంద నోట్లు తీసి ఇచ్చాను. తడి చేతులు చీరకి తుడుచుకుని ఒక్కొక్కటి లెక్కపెట్టింది. ఆరు నోట్లు బొడ్డు సంచిలో పెట్టుకుని ఏడోది నావైపు చాపింది. ‘ఎక్కువొచ్చిందండి.’

‘ఉంచమ్మా. ఆలస్యమైంది కదా.’

‘నేను వడ్డీకివ్వలేదండి. చేప అమ్మాను’ అంది.

చెయ్యి అలాగే చాపి ఉంచింది. నోటు వానకి తడుస్తోంది. తీసుకోక తప్పలేదు. ఇన్నేళ్లలో ఎన్నో కాటాలు చూశాను, ముల్లు అంత సూటిగా నిలబడ్డ కాటా ఇంకోటి చూడలేదు. ఆవిడ లెక్కలో నాకు రావాల్సిన వంద నాకు వచ్చేసింది, ఆవిడకి రావాల్సిన ఆరొందలు ఆవిడకి చేరాయి. నేనిచ్చిన వంద నా తప్పుకి పూత. ఆవిడకి ఆ తప్పేమిటో తెలీదు కాబట్టి ఆ పూత అక్కర్లేకపోయింది. 

నాలుగడుగులు పైకెక్కాను. బురదలో చెప్పు ఇరుక్కుపోయింది. వంగి తీసుకుంటూ అక్కడే ఆగిపోయాను. ఈ మనిషి దగ్గర ఈ అబద్ధం వదిలేసి ఇంటికి వెళ్లడం నావల్ల కాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కొచ్చాను.

‘అమ్మా, నేను అవతల ఉండిపోలేదు. ఆ రాత్రే చించినాడ వంతెన మీదుగా కారులో ఇంటికెళ్లిపోయాను. నీ డబ్బు గుర్తొచ్చింది. రేపిద్దాంలే అనుకున్నాను. అంతలో వరదొచ్చింది’ అన్నాను.

ఒక మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పంటులో చేపని ఇంకొకాయనకి చూపించిన సంగతి కూడా చెప్పేశాను.

ఆవిడ చేపల మీద ఈగలు తోలుతూ విన్నది. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, ‘వంతెన మీద పోయేవాళ్లకి రేవు గుర్తుండదులెండి’ అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉందేమోనని వెతికి చూశాను, లేదు. ‘చేప చూపించుకుంటే తప్పేముందండి? అంత డబ్బు పెట్టారు’ అని కూడా అంది. క్షమించానని అనలేదు. క్షమించే ఎత్తులో కూర్చోలేదు ఆవిడ, నన్ను కిందా నిలబెట్టలేదు. ఇద్దరం ఒకే బురదలో ఉన్నాం.

ఇళ్లు మునిగాయా అని అడిగాను. గుమ్మం దాకా వచ్చి తీసిందని చెప్పింది. రెండు రోజులు గట్టు మీద ఉన్నారట. ‘అలవాటేనండి’ అంది.

అవతలి ఒడ్డు నుంచి పంటు బయల్దేరిన చప్పుడు వినపడుతోంది. జనం దిగుతారు, ఆవిడ బేరాలు చూసుకోవాలి. నేను కదలబోయాను. అప్పుడు ఆవిడ మొదటిసారి తలెత్తి నా మొహంలోకి నేరుగా చూసి, ఇన్నాళ్లూ ఇదొక్కటే తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగింది.

‘ఇంతకీ పులుసెలా కుదిరిందండి?’

నేను తినలేదని చెప్పాను. అన్నయ్య మర్నాడు తిన్నాడని, ఫోన్ చేసి చెప్పాడని చెప్పాను.

‘బెండకాయలేశారా?’

‘వేసిందట మా వదిన. పచ్చిమిరపకాయలు, ఆఖర్న ఆవకాయ నూనె కూడా.’

‘తలకాయ ఎవరు తిన్నారు?’

‘ఆయనే. చాలా రోజుల తరవాత మంచం దిగి, పీట మీద కూర్చుని తిన్నాడట’ అన్నాను.

ఆవిడ ఆ మాట విని, గంప మీద గోనెపట్టా సర్దుతూ, తనలో తను అనుకున్నట్టు ‘మంచి చేపే అది’ అంది. పంటు వచ్చి ఒడ్డుకి ఆనింది.